డబుల్ ప్రమోషన్ పిల్ల

నిరుడు ఆషాఢంలో బోనాలకు లాల్ దర్వాజా వెళ్లాను. ఏటా వెళ్తాను లెండి. పుట్టి పెరిగిన గల్లీ కదా, ఇప్పుడు ఉండేది ఊరికి ఆ చివరైనా ఆషాఢం వచ్చేసరికి మనసు అటే లాగుతుంది. సింహవాహిని అమ్మవారి గుడి ముందు వరుసలో నిలబడి ఉంటే వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే అక్క! తలమీద బోనం, నుదుటన రూపాయి బిళ్లంత కుంకుమ. జుట్టు సగానికి పైగా నెరిసింది. కళ్లు మాత్రం అవే.

అక్క అంటే తోడబుట్టినది కాదు. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉండేవాళ్లు. నాకంటే మూడేళ్లు పెద్ద. గల్లీ అంతా ఆమెను 'లెక్కల పిల్ల' అనేవాళ్లు. వాళ్ల నాయిన శాలిబండలో ఒక కిరాణా దుకాణంలో గుమాస్తా. రాత్రిపూట ఖాతా పుస్తకం ఇంటికి తెచ్చుకుని కందిలి దగ్గర కూర్చుని కూడుకునేవాడు. కరెంటు ఉండేది గానీ, ఉన్నట్టు ఉండేది కాదు. ఏడేళ్ల పిల్ల పక్కన కూర్చుని ఆ వరుసంతా ఒక్కసారి పైనుంచి కిందికి చూసి మొత్తం చెప్పేది. ఆయన వేళ్లు మడిచి, పెన్సిలు అరగదీసి, ఓ పావుగంట తర్వాత అదే అంకె దగ్గరికి వచ్చేవాడు. దుకాణం సేటు ఒకరోజు పరీక్ష పెట్టాడట. ఆరు రకాల సరుకు, సేర్లూ కిలోలూ కలిపి, ధరలు పైసల్లో. పిల్ల చెప్పింది. సేటు కిలో కలాకండ్ ఇచ్చి పంపాడు. మాకూ తలా ముక్క వచ్చింది కాబట్టి ఆ సంగతి నాకు బాగా గుర్తు.

మా గల్లీ చివర ఒక ఖాలా ఉండేది. ఇంట్లో కార్చోబ్ కట్టి జరీ పని చేయించేది. పదిమంది ఆడపిల్లలు, ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, పువ్వుకింత, బార్డరు గజానికింత. శుక్రవారం వచ్చిందంటే అక్కను పిలిపించేది. ఫ్రాకు తొడుక్కున్న పిల్ల గుమ్మంలో నిలబడి ఎవరికెంత రావాలో చెబుతుంటే ఖాలా డబ్బు లెక్కపెట్టి ఇచ్చేది. ఒక్కనాడూ గొడవ రాలేదు.

బళ్లో మూడో తరగతి నుంచి తిన్నగా ఐదులో కూర్చోబెట్టారు. డబుల్ ప్రమోషన్! ఆ రోజుల్లో ఆ మాట ఎంత గొప్పగా వినిపించేదో మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. బడి వార్షికోత్సవంలో పేరు కొట్టించిన స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. మా అమ్మ ఆ డబ్బా చూసివచ్చిన రోజు నాకు రెండు దెబ్బలు పడ్డాయి. "దాన్ని చూసి నేర్చుకో!" అని. నిజం చెప్పొద్దూ, అక్కంటే నాకు ఎంత ఇష్టమో అంత కుళ్లు కూడా ఉండేది.

1989లో పదో తరగతి బడికి ఫస్టు. ఇంటర్లో ఎంపీసీ. కాలేజీ మూసీ దాటి వెళ్లాలి. పొద్దున్నే చార్మినార్ దగ్గర బస్సెక్కి నయాపుల్ మీదుగా పోయేది. రెండో సంవత్సరంలో ఉండగా 1990 డిసెంబరు అల్లర్లు వచ్చాయి. పాతబస్తీ వాళ్లకు ఆ డిసెంబరు గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కర్ఫ్యూ, కాస్త సడలింపు, మళ్లీ కర్ఫ్యూ. పాలు దొరికితే చాలనుకున్న రోజులు. కాలేజీ మాట ఎవరెత్తుతారు? వీధులు తెరుచుకున్నాక కూడా ఆడపిల్లను నయాపుల్ దాటించడానికి వాళ్లింట్లో ఎవరికీ ధైర్యం చాలలేదు. "పరీక్షలు వచ్చే ఏడు రాస్తది తీ" అన్నారు. వచ్చే ఏడు రాకముందే సంబంధం వచ్చింది. పదిహేడు నిండకుండానే పెళ్లి. అప్పటికీ చట్టం పద్దెనిమిదనే చెబుతోంది. పెళ్లిలో భోజనానికి కూర్చున్నవాళ్లం ఒక్కరమూ ఆ మాట అనలేదు. నేను కూడా రెండుసార్లు లడ్డూ వేయించుకున్నాను.

ఇక గుడి దగ్గర సంగతి. వరుస కదలడం లేదు, కబుర్లలో పడ్డాం. మాటల్లో నేనొక మాట అన్నాను. "నీకెంత తెలివి ఉండేదక్కా అప్పుడు! ఎక్కడో ఉండాల్సినదానివి."

అక్క ఒక చేత్తో బోనం సవరించుకుని నావైపు చూసింది. "ఉండేది అంటవేందే? ఇప్పుడు లేదా?"

కోపంగా అనలేదు. నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ ఎండలో చెమటతో పాటు ఇంకేదో కూడా పట్టింది.

అప్పటినుంచీ ఈ విషయం మీతో మాట్లాడాలనుకుంటున్నాను. మన వీధిలో, మన బంధువుల్లో ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు ఉండనే ఉంటారు. మూడేళ్లకే చదవడం వచ్చిన పిల్ల, ఒకసారి విన్న పాట తిరిగి పాడే పిల్లాడు, తొమ్మిదో ఏటికే ఖురాను కంఠస్థం చేసిన చిన్నది. చుట్టాలొచ్చినప్పుడు వాళ్లను పిలిచి నిలబెడతాం. "ఏదీ, పదిహేడో ఎక్కం చెప్పమ్మా." వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. ఆ పిల్లలే నలభై ఏళ్లవాళ్లయ్యాక ఏం చేస్తున్నారో ఎవరైనా అడిగితే "ఆఁ, ఏముంది, మామూలే" అనేస్తాం. ఆ 'మామూలే'లో ఒక నిట్టూర్పు, కాస్త తృప్తి కూడా ఉంటాయి. నాలో ఉండింది కాబట్టే చెబుతున్నాను.

ఈ ప్రశ్న పట్టుకుని ఒకాయన జీవితమంతా గడిపాడు. అమెరికాలో లూయిస్ టెర్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లో కాలిఫోర్నియా బళ్లలో పరీక్షలు పెట్టించి అసాధారణ తెలివిగల పిల్లల్ని దాదాపు 1500 మందిని ఎంపిక చేశాడు. వాళ్లు పెద్దయ్యేదాకా, ముసలివాళ్లయ్యేదాకా ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసి వివరాలు సేకరించారు. ఆయన పోయాక తర్వాతివాళ్లు ఆ పని కొనసాగించారు. మొత్తం మీద వాళ్లు బాగానే బతికారు. డాక్టర్లు, ప్రొఫెసర్లు, లాయర్లు అయ్యారు. తెలివైన పిల్లలు పెద్దయితే పిచ్చివాళ్లవుతారని అప్పట్లో ఒక అపోహ ఉండేది, అది తప్పని తేలింది. కానీ వాళ్లలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. అదే పరీక్షలో మార్కులు చాలవని వదిలేసిన పిల్లల్లో ఇద్దరికి, విలియం షాక్లీకి 1956లో, లూయిస్ ఆల్వరెజ్‌కి 1968లో వచ్చింది! పరీక్ష పెట్టి పిల్లల భవిష్యత్తు చెప్పేస్తామనేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

నన్ను ఆపింది ఇంకో సంగతి. ఆ పిల్లల్లో ఆడపిల్లలు తక్కువేం లేరు, ఆరేడు వందల మంది. అదే తెలివి, అవే మార్కులు. మగపిల్లలు ఉద్యోగాల్లో పైకెళుతుంటే ఆ తరం అమ్మాయిల్లో చాలామంది గృహిణులుగా మిగిలారు. అమెరికాలోనే అలా ఉంటే శాలిబండ సంగతేం చెప్పాలి?

అయితే తెలివి అక్కరకు రాకుండా పోయిందా అంటే, అక్క నవ్వు గుర్తొస్తోంది. ఆరోజు దర్శనమయ్యాక ఇంటికి తీసుకెళ్లింది. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో కుట్టుమిషను. గోడకు నల్లబల్ల. ఇరవై ఏళ్లుగా గల్లీ ఆడవాళ్లందరి చిట్టీ ఈమె నడుపుతోంది. నలభై మంది. ఎవరు ఏ నెల ఎత్తుకున్నారు, ఎవరు ఎంత బాకీ, పాట తగ్గితే తలా ఎంత మిగులు, అంతా నోటిమీదే. పుస్తకం ఉంది గానీ అది ఆమె కోసం కాదు, "నమ్మకం లేనోళ్ల కోసం" అంది. సాయంత్రం ట్యూషను. ఆరు నుంచి పది దాకా పిల్లలు, లెక్కలు మాత్రమే. ఫీజు ఎంతని అడిగితే "ఇచ్చినోళ్లది ఇచ్చినంత" అంది. పదో తరగతి మీద ఆగిపోయిన మనిషి పదో తరగతి పిల్లలకు చెబుతోంది. ఎవరింట్లో పెళ్లయినా మండపం నుంచి మటన్ దాకా లెక్క ఈమె వేసిచ్చిన కాగితమే.

ఇది విని నేను కళ్లనీళ్లు పెట్టుకున్నానని రాస్తే మీకు నచ్చుతుందేమో గానీ, అక్కకు నచ్చదు. "బాగనే ఉన్న" అంది. కాసేపాగి, తనే, "ఇంజనీరింగ్ లెక్కలు ఎట్లుంటయో చూడాలనుండె. నా బిడ్డ బీటెక్ పుస్తకాలు తెచ్చినప్పుడు రాత్రుల్లు కూసుని చూసిన. కొన్ని తెలిసినయ్. కొన్నిటికి చెప్పేటోళ్లు ఉండాలె" అంది. మొత్తం సంభాషణలో ఫిర్యాదు లాంటిది అదొక్కటే.

చెప్పేటోళ్లు ఉండాలె. ఈ మాట మన హైదరాబాదులోనే పుట్టిన ఇంకో డబుల్ ప్రమోషన్ పిల్ల దగ్గరికి తీసుకెళ్లింది నన్ను. సరోజినీదేవి. 1879లో పుట్టింది. తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ్, ఇప్పటి నిజాం కాలేజీకి మూలమైన హైదరాబాద్ కాలేజీని నడిపిన బెంగాలీ పండితుడు. పన్నెండో ఏట ఆమె మద్రాసు మెట్రిక్యులేషన్ ప్యాసైంది, అదీ అందరికంటే ముందు నిలిచి. కూతుర్ని గణితంలోనో సైన్సులోనో గొప్పదాన్ని చేయాలని ఆయన కోరిక. ఆమె ఒకరోజు ఆల్జీబ్రా లెక్క తెగక తలపట్టుకు కూర్చుంటే లెక్కకు బదులు పద్యం తోచిందట. పదకొండేళ్లప్పుడు. పదమూడేళ్లకు ఆరు రోజుల్లో 1300 పంక్తుల కావ్యం రాశానని తనే తర్వాత ఒక ఉత్తరంలో చెప్పుకుంది. ఆ వయసులోనే ఆరోగ్యం దెబ్బతిని బడి చదువు ఆగిపోయింది కూడా.

పదహారో ఏట నిజాం ప్రభుత్వం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు పంపింది. అప్పటి నిజాం ఆరో వాడు, మహబూబ్ అలీ పాషా. ఆయన నివాసం మన పురానీ హవేలీయే. ఇప్పుడు జనం అక్కడికి వెళ్లేది ఆయనగారి పొడవాటి బట్టల బీరువా చూడ్డానికి. ఒక పదహారేళ్ల ఆడపిల్ల చదువుకు 1895లో డబ్బిచ్చిన మనిషి ఇల్లు కూడా ఇదేనని అక్కడికి వచ్చిన పిల్లలకు ఎవరైనా చెబితే బాగుండు.

ఆ డబ్బుతో వెళ్లిన పిల్ల లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జిలో గిర్టన్ కాలేజీలో చదివింది. 1898లో తిరిగొచ్చింది. డిగ్రీ లేకుండా! ఇప్పటి మన ఇళ్లల్లో అయితే ఏమంటాం? "అంత ఖర్చు పెట్టి పంపిస్తే ఉత్తచేతులతో వచ్చింది" అనమూ? వచ్చీరాగానే కులం కాని కులంలో డాక్టర్ గోవిందరాజులు నాయుడుతో పెళ్లి. వరుసగా నలుగురు పిల్లలు. పన్నెండేళ్లకు మద్రాసు ప్రెసిడెన్సీని అబ్బురపరచిన పిల్ల ఇరవై అయిదేళ్లకు ఏమైందని ఎవరైనా లెక్క తీసి ఉంటే 'మామూలే' అనేవారు.

1905లో మొదటి కవితల పుస్తకం 'ది గోల్డెన్ త్రెషోల్డ్' వచ్చింది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు ఆమె సహాయ పనుల్లో దిగింది. 1917 తర్వాత ఆమె బతికుండగా కొత్త కవితల సంపుటి రాలేదు. ఆ తెలివి ఇంకో దారి పట్టింది. 1925లో కాంగ్రెసు అధ్యక్షురాలు. 1947లో యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నరు. లెక్కల కోసం పెంచిన పిల్ల పద్యం రాసింది, పద్యం రాసిన పిల్ల దేశం పనిలో పడింది. తండ్రి ఆల్జీబ్రా పుస్తకం పట్టుకుని వెంటపడి ఉంటే ఏమయ్యేదో మనకు తెలియదు. ఆయన వెంటపడలేదు. అదే ఆయన చేసిన గొప్ప మేలేమో.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. అది చదువుకున్న ఇల్లు. తండ్రి ప్రిన్సిపాలు, ప్రభువు దగ్గర పలుకుబడి ఉన్నవాడు. ఆమెకు దొరికినవి కిరాణా గుమాస్తా కూతురికి దొరకవు. ఇద్దరి మధ్య తేడా తెలివిలో ఎంత ఉందో నేను చెప్పలేను. పదహారో ఏట ఒకరికి ఓడ టికెట్టు దొరికింది, ఇంకొకరికి బస్సు కూడా ఆగిపోయింది.

మరి ఈ కాలం సంగతి? కోనేరు హంపిని తీసుకోండి. గుడివాడ పిల్ల. తండ్రి అశోక్ ఉద్యోగం వదిలేసి కూతురికి చదరంగం నేర్పాడు. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరు. అప్పటికి ప్రపంచంలో ఏ అమ్మాయీ అంత చిన్న వయసులో ఆ హోదా అందుకోలేదు. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే. నాకు నచ్చేది తర్వాతి భాగం. 2014లో పెళ్లి, 2017లో పాప. ఆటకు విరామం. 'ఇక అయిపోయింది' అనుకున్నవాళ్లు తక్కువమంది ఉండరు. 2019 డిసెంబరులో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్! మళ్లీ 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో అదే టైటిలు. అప్పటికి ఆమెకు ముప్పై ఏడేళ్లు, ఇంట్లో ఏడేళ్ల పాప. తను ఊళ్లు తిరుగుతుంటే పాపను తన తల్లిదండ్రులు చూసుకుంటారని ఆమే చెప్పింది. చిన్నపిల్ల కోసం ఉద్యోగం మానేసిన నాన్న గురించి పేపర్లన్నీ రాశాయి. ముప్పై ఏళ్ల కూతురి బిడ్డకు అన్నం తినిపించిన అమ్మానాన్నల గురించి ఎన్ని రాశాయి?

నా ఉద్దేశంలో అసలు ముడి ఇక్కడే ఉంది. పిల్లకు తెలివి ఉందని తెలిసిన రోజున ఇల్లంతా చుట్టూ చేరుతుంది. నాయిన ఖాతా పుస్తకం ముందు పెడతాడు, సేటు కలాకండ్ ఇస్తాడు, బడి టిఫిన్ డబ్బా ఇస్తుంది. ఖర్చులేని ముచ్చట కదా! పదహారు నుంచి పాతికేళ్ల మధ్య, మళ్లీ బిడ్డలు పుట్టిన తర్వాత, అసలు సాయం కావాల్సిన వేళకు ఒక్కొక్కరే పక్కకు తప్పుకుంటారు. అప్పుడు కావాల్సింది చప్పట్లు కాదు. బస్సు దాకా తోడు, ఫీజు కట్టే చెయ్యి, రెండు గంటలు పసిబిడ్డను ఎత్తుకునే ఒడి. అక్క విషయంలో నేను ఎవరినీ ప్రత్యేకంగా తప్పుపట్టలేను. వాళ్ల నాయిన చెడ్డవాడు కాదు. భయపడ్డాడు. ఆ భయంలో తోడు నిలబడాల్సిన మేమంతా పెళ్లి భోజనం చేసి వచ్చాం.

అబ్బాయిల కష్టం వేరు. తెలివిగలవాడని తేలితే ఇంటి అప్పులన్నీ వాడి నెత్తిన కట్టి, వాడికి ఏమిష్టమో అడక్కుండా కోచింగులో వేస్తాం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటున్నారు ఇప్పుడు. దాని గురించి ఇంకోసారి తీరిగ్గా మాట్లాడుకుందాం.

"మా పాప క్లాసులో అందరికంటే ముందుంది, ఒక క్లాసు దాటిద్దామా?" అని తల్లులు అడుగుతుంటారు. ఇదే మాట అక్కను అడిగాను. ఆమె చెప్పింది నేను ఊహించింది కాదు. "లెక్కలకు మంచిగనే ఉండె. కని ఆడుకునేటప్పుడు నన్నెవరు పిలవకపోయిరి. ఐదోళ్లకు నేను చిన్నపిల్లను, మూడోళ్లకు పెద్దక్కను." ఆ మాట విన్నాక నాకు సిగ్గేసింది. పక్కన తొక్కుడుబిళ్ల ఆడుతూ పిలవనివాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకని క్లాసు దాటించాలా వద్దా అనేది మార్కుల షీటు చూసి తేల్చకండి. పిల్లకు అక్కడ జతగత్తెలు ఉంటారా అని కూడా చూడండి. చుట్టాల ముందు ఎక్కాలు చెప్పించడం మాత్రం ఈరోజే మానేయండి. 'ఫస్టు వచ్చినందుకే నేనంటే ఇష్టం' అని పిల్లకు అనిపించిందంటే, రెండో ర్యాంకు వచ్చిన రోజు దానికి ఇంట్లో ఎటు చూడాలో తెలియదు.

డబ్బులేని ఇళ్లకు దారులు బొత్తిగా లేవనుకోకండి. ఉన్నవి తెలియక వదిలేస్తున్నాం. పెద్ద పేరున్న టాలెంట్ సెర్చ్ పరీక్ష ఎన్‌టీఎస్‌ఈని 2021లో ఆపేశారు. సర్కారు బళ్లలో, ఎయిడెడ్ బళ్లలో ఎనిమిదో తరగతి చదివే పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ప్యాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12000 రూపాయలు. నెలకు వెయ్యి! ఏపాటి అంటారేమో. పాతబస్తీలో ఇంటర్లో చేరకుండా ఇంట్లో కూర్చున్న ఆడపిల్ల అమ్మను అడగండి ఆ వెయ్యి ఏపాటిదో. పుస్తకాలకు నాయిన జేబు చూడక్కర్లేదు. పెళ్లిమాట ఎత్తినప్పుడు "ఇంకా స్కాలర్‌షిప్ వస్తోంది కదా" అనడానికి ఒక సాకు కూడా.

ఈ పరీక్ష సంగతి నాకు చెప్పింది అక్కే. ఆరోజు ట్యూషనుకు వచ్చిన పిల్లల్లో ఒకర్ని చూపించి, "గీమె ఎవరో తెలుసా?" అంది. బక్కపల్చని పిల్ల, తలమీద దుపట్టా జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో రాసుకుంటోంది. కార్చోబ్ ఖాలా మనవరాలు. ఉర్దూ మీడియం బడి, ఎనిమిదో తరగతి. "నా అసుంటిదే" అంది అక్క, అంతకంటే ఏం చెప్పలేదు. పిల్ల ప్రశ్నను ఉర్దూలో చదివి వినిపిస్తుంది, అక్క తెలుగూ హిందీ కలిపి చెబుతుంది, అంకెలు ఇద్దరికీ ఒకటే.

పరీక్ష నవంబరులో ఒక ఆదివారం. సెంటరు నది అవతల పడింది. ఖాలాకు ఇప్పుడు ఎనభై దాటాయి. కొడుకు ఏమీ అనలేదు గానీ, ఖాలా మాత్రం "ఇత్తా దూర్ కైకూ?" అని ఒకటే పాట. అక్క వెళ్లి ఆ మంచం పక్కన కూర్చుంది. శుక్రవారాల లెక్కలు గుర్తుచేసింది. ఏ పిల్లకు ఎంత కూలి ఇచ్చేదో, ఎవరు ఎన్ని గజాలు కుట్టేవారో నలభై ఏళ్ల కిందటి అంకెలతో సహా. ఖాలా చాలాసేపు విని, "తూ సాథ్ జాతీ?" అంది. నువ్వు తోడు వెళతావా, అని.

అక్క వెళ్లింది. నేనూ వెళ్లాను. ఒక ఆటోలో అక్క, నేను, నలుగురు పిల్లలు. నయాపుల్ మీద ట్రాఫిక్ ఆగితే పిల్లల గుండె ఆగినంత పనైంది. రెండు పేపర్లు, ఒక్కోటి గంటన్నర. అంతసేపూ గేటు బయట రాతి అరుగు మీద కూర్చున్నాం. అక్క సంచీలోంచి టిఫిను తీసింది, పులిహోర. స్టీలు డబ్బా మీద కొట్టించిన పేరు అరిగిపోయి సగం అక్షరాలే కనిపిస్తున్నాయి. నేను దాన్నే చూస్తున్నానని గమనించి మూత తిరగేసి పెట్టింది.

పరీక్షయ్యాక పిల్లలు బయటికొచ్చారు. ఖాలా మనవరాలు వస్తూనే, చేతిలో కాగితం లేకుండా, ఒక లెక్క మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పింది. ఒక నీళ్ల ట్యాంకు, రెండు పంపులు, కింద ఒక చిల్లు. అక్క కళ్లు మూసుకుని ఆలోచించి జవాబు చెప్పింది. పిల్ల తల అడ్డంగా ఊపింది. "నైఁ ఆంటీ. ఛేద్ సుబే సే ఖులా నైఁ థా, దో ఘంటే బాద్ ఖులా." చిల్లు మొదటినుంచీ లేదు, రెండు గంటల తర్వాత తెరిచారట.

అక్క మళ్లీ కళ్లు మూసుకుంది. ఆటో అతను హారను కొడుతున్నాడు. మిగతా ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు.

"అవునే," అంది. "నీదే కరెక్టు. నడువ్."